ఈత చుట్టాలను గుర్తుపట్టడం ఎలా: ఆకు మడత నుంచి గింజ గాడి దాకా

ముందుగా నా తప్పొకటి ఒప్పుకుంటాను. చదువుకునే రోజుల్లో ఒక తోటలోని చెట్ల జాబితా తయారుచేసే పని నాకు అప్పజెప్పారు. గేటు పక్కన నాలుగు లావుపాటి చెట్లు వరసగా ఉన్నాయి. ఆకు ఈతాకులా ఉంది, మట్ట మొదట్లో ముళ్లున్నాయి. ఇంకేం, 'ఫీనిక్స్ డాక్టిలిఫెరా, ఖర్జూరం' అని రాసేసి ముందుకు నడిచాను. ఆ జాబితా అచ్చయింది కూడా. రెండేళ్ల తర్వాత మళ్లీ అక్కడికి వెళ్లి నిదానంగా చూస్తే తెలిసింది, అవి కేనరీ దీవుల ఖర్జూరాలని. మాను లావు, మట్టల సంఖ్య, గోళీలంత కాయలు అన్నీ మొదటి రోజు నుంచీ కళ్లెదుటే ఉన్నాయి. నేను చూడలేదు, అంతే.

అప్పట్నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. పేరు ఆఖర్న రాస్తాను. ముందు ఆకు మడత, తర్వాత ముల్లు, పువ్వు, గింజ, చివరికి చెట్టు మొత్తం. ఈ వరస ఎందుకంటే, మొదటి నాలుగూ అది ఫీనిక్స్, అంటే ఈత, ఖర్జూరాల గుంపు, అవునో కాదో తేలుస్తాయి. ఫీనిక్స్‌లో ఏ జాతి అన్నది ఆ తర్వాతి గొడవ. నాలాంటి తొందరపాటు మనుషులు రెండో ప్రశ్నతో మొదలుపెట్టి మొదటిది మర్చిపోతారు.

మాటలు కలగలిసిపోకుండా ఒక్క విషయం చెప్పుకుందాం. మామూలుగా అన్నింటినీ 'జాతి' అనేస్తాం. వృక్షశాస్త్రంలో ఫీనిక్స్ అనేది ప్రజాతి. ఈత, ఖర్జూరం, కేనరీ ఖర్జూరం అందులోని జాతులు. ఈ ప్రజాతి అరెకేసీ, అంటే తాటి, కొబ్బరి, పోక అన్నీ ఉండే తాటి వర్గపు కుటుంబంలో, కోరిఫాయిడీ అనే ఉపకుటుంబంలో ఉంటుంది. దానికంటూ ఫీనిసియే అని ఒక తెగ ఉంది, అందులో ఈ ఒక్క ప్రజాతే ఉంది.

కోరిఫాయిడీలో ఇంకెవరున్నారో చూస్తే నాకు ఇప్పటికీ సరదాగా ఉంటుంది. ఎక్కువ భాగం విసనకర్ర ఆకుల చెట్లే: తాటి, శ్రీతాళం లాంటివి. కొబ్బరి, పోక వేరే ఉపకుటుంబం. అంటే ఆకు చూడ్డానికి కొబ్బరాకులా ఉన్నా, ఈతకి దగ్గరి చుట్టం తాటిచెట్టే. నమ్మబుద్ధి కాదు కదా. రుజువు ఆకులోనే ఉంది.

ముందు ఒక కాగితం తీసుకోండి. పిల్లలు విసనకర్ర చేసినట్టు పైకీ కిందికీ మడతలు పెట్టండి. తాటి వర్గపు ఆకు మొవ్వులో ఉన్నప్పుడు సరిగ్గా ఇలాగే ఉంటుంది. చీలికలేమీ ఉండవు, మడతలు పడ్డ ఒకే పలక. పెరిగేకొద్దీ మడతల వెంబడి చీలుతుంది. ఇప్పుడు కత్తెరతో కాగితాన్ని పై మడతల దగ్గర కత్తిరించండి. ప్రతి ముక్కా దోనెలా, నీళ్లు నిలిచేలా వస్తుంది. ఇంకో కాగితాన్ని అలాగే మడిచి కింది మడతల దగ్గర కత్తిరిస్తే ప్రతి ముక్కా పాక కప్పులా, నీళ్లు జారిపోయేలా వస్తుంది. ఈత మొదటి రకం, కొబ్బరి రెండో రకం. తాటాకు చివర చీలిన ముక్కల్ని చూడండి, అవీ దోనెలే.

చెట్టు దగ్గర దీన్ని చూడాలంటే ఒక చిట్కా ఉంది. పత్రకాన్ని, అంటే మట్టకి రెండువైపులా ఉండే చిన్నాకుల్లో ఒకదాన్ని, మధ్యలో పట్టుకుని చూడొద్దు. ఎండకి ముడుచుకుని, గాలికి మెలితిరిగి మోసం చేస్తుంది. నడిమి కాడకి అది అతుక్కున్న చోట, ఒకటి రెండు సెంటీమీటర్ల దూరంలో బ్లేడుతో అడ్డంగా కోయండి. కోసిన అంచుని మీవైపు తిప్పుకోండి, ఆకు పైభాగం ఆకాశం వైపే ఉండాలి. ఈనె అడుగున ఉండి రెండు రెక్కలూ పైకి లేస్తే దోనె. ఈనె నడినెత్తిన ఉండి రెక్కలు కిందికి వాలితే కప్పు. మొదట్లో నేను ఆకుని తలకిందులుగా పట్టుకుని కొబ్బరిని కూడా ఫీనిక్స్ చేసిన సందర్భాలున్నాయి. కోసేముందే పైవైపు ఒక చుక్క పెట్టుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

దోనె ఆకున్న ప్రతిదీ ఫీనిక్స్ కాదు. జీలుగ చెట్టుకీ, దాని దగ్గరి బంధువులకీ కూడా పత్రకాలు దోనెలాగే ఉంటాయి, అవీ ఈ ఉపకుటుంబంలోవే. అయితే వాటి పత్రకం కొస ఎవరో కొరికి వదిలేసినట్టు చిరుగులుగా ఉంటుంది. ఫీనిక్స్ పత్రకం కొస సూదిగా ముగుస్తుంది. ఇంకో తేడా ముల్లు.

ఈత ముల్లు బెరడు మీద మొలిచే ముల్లు కాదు. ఒక మట్టని నడిమి నుంచి మొదలు వైపుకి చూసుకుంటూ రండి. పత్రకాలు పొట్టివవుతాయి, తర్వాత గట్టిపడతాయి, తర్వాత రెక్కలు సన్నబడి ఒట్టి ఈనే మిగులుతుంది, చివరికి అది ముల్లవుతుంది. ఎక్కడ పత్రకం అయిపోయి ముల్లు మొదలైందో గీత గీసి చెప్పలేం. పత్రకాలే ముళ్లుగా మారాయని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఆయిల్‌పామ్ మట్ట మొదట్లో కూడా ముళ్లుంటాయి కాబట్టి ముల్లు ఒక్కటే చూసి నిర్ణయించొద్దు. దాని ఆకు మడత కప్పు రకం.

ముల్లు గురించి ఇంకో మాట, ఇది శాస్త్రం కాదు, అనుభవం. ఒకసారి చేతి తొడుగు లేకుండా మట్ట పట్టుకున్నాను. చూపుడువేలు కీలు దగ్గర ముల్లు దిగి కొస విరిగింది. లాగేశాననుకున్నాను. మూడు వారాలకి కీలు వాచి వేలు వంగడం మానేసింది. ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు, ఎందుకంటే మొక్క ముల్లు ఎక్స్‌రేకి పెద్దగా చిక్కదు. అల్ట్రాసౌండ్‌లో దొరికింది, చిన్న ఆపరేషన్ చేసి తీశారు. అందుకని మందపాటి తోలు తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. గుచ్చుకున్న వారాల తర్వాత కీలు వాచినా డాక్టరుకి 'ఈత ముల్లు గుచ్చుకుంది' అని నోరు తెరిచి చెప్పండి. నేను చెప్పడం మర్చిపోయాను.

కుండీల్లో పెంచే చిన్న ఫీనిక్స్‌ని సైకస్‌తో పొరబడేవాళ్లు చాలామంది. సైకస్ అసలు తాటి వర్గమే కాదు, పువ్వులు పూసే మొక్క కూడా కాదు. దాని లేత ఆకులో పత్రకాలు గడియారం స్ప్రింగులా చుట్టుకుని ఉంటాయి, దోనె మడత ఉండదు. ఒక్కసారి లేత ఆకు చూస్తే మళ్లీ పొరబడరు.

ఇక పువ్వు. ఫీనిక్స్‌లో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. పూత వచ్చేదాకా ఏది ఏదో చూపుతో తేల్చలేం. మసాదా కోట తవ్వకాల్లో దొరికిన సుమారు 2000 ఏళ్లనాటి ఖర్జూరం గింజని 2005లో ఇజ్రాయెల్‌లో మొలకెత్తించి, మెతూసెలా అని పేరు పెట్టారు. 2011లో పూత పూశాకే అది మగచెట్టని తేటతెల్లమైంది. అంత పేరున్న మొక్క విషయంలోనే ఆగాల్సి వచ్చిందంటే మనమెంత.

పూత మట్టల సందుల్లోంచి వస్తుంది, పడవ ఆకారపు తొడుగు ఒకటి కప్పుకుని. తొడుగు చీలాక పది రెట్లు పెద్దగా చూపే చేతి లెన్సు తీయండి. మగపువ్వు లేత మీగడ రంగు. మూడు రక్షకపత్రాలు కలిసి చిన్న గిన్నెలా ఉంటాయి, దానిపైన మూడు ఆకర్షణపత్రాలు, లోపల సాధారణంగా ఆరు కేసరాలు. ఆడపువ్వు ఇంకోలా ఉంటుంది, విచ్చుకున్నా విచ్చుకోనట్టే, ఆవగింజని పెద్దది చేసినట్టు గుండ్రంగా. ఆకర్షణపత్రాలు ఒకదానిమీదొకటి కప్పుకుని ఉంటాయి. వాటి మధ్యలోంచి మూడు చిన్న కీలాగ్రాలు బయటికి చూస్తుంటాయి. అవి మూడెందుకంటే లోపల మూడు ఫలదళాలు, అంటే కాయగా మారే భాగాలు, విడివిడిగా ఉన్నాయి కాబట్టి. పరాగసంపర్కం జరిగితే మామూలుగా ఒక్కటే కాయవుతుంది, మిగతా రెండూ ఎండిపోతాయి. లేత కాయ తొడిమని లెన్సుతో చూస్తే ఆ రెండూ గోధుమరంగు పొక్కుల్లా కనిపిస్తాయి. పరాగం అందకపోతే ఒక్కోసారి మూడూ గింజల్లేకుండా ఉబ్బి, ఒకే తొడిమ మీద మూడు కాయల్లా నిలబడతాయి. అలాంటి గెల దొరికితే వదలకండి. ఫలదళాలు విడివిడిగా ఉంటాయన్న మాట పుస్తకంలో కాక చేతిలో చూడొచ్చు.

పూత దొరక్కపోతే కాయ చాలు. కాయ కూడా లేకపోతే కిందపడ్డ గింజ చాలు. నిజానికి నాకు గింజే ఇష్టం. ఎండు ఖర్జూరం ఒకటి తీసుకుని గుజ్జు వొలిచేయండి. గింజని అంటుకుని ఉల్లిపొరలాంటి సన్నని పొర వస్తుంది. మామిడికాయలో టెంకగా గట్టిపడేది ఈ పొరే. ఇక్కడ అది పొరగానే ఉండిపోయింది, గట్టిగా ఉన్నది గింజే. అందుకే ఖర్జూరాన్ని టెంకకాయల్లో కాక, ఒకే గింజ ఉన్న మృదుఫలంగా లెక్కేస్తారు. గింజకి ఒకవైపు నిలువునా లోతైన గాడి ఉంటుంది. తిప్పి రెండోవైపు చూడండి, నడుమ దగ్గర చిన్న గుండ్రటి గుంట. పిండం అక్కడ ఉంటుంది, మొలక అక్కడ్నుంచే వస్తుంది. ఒకవైపు గాడి, ఇంకోవైపు చుక్క. ఈ జంట కనపడితే ఫీనిక్స్ అని ధైర్యంగా చెప్పొచ్చు. కొన్ని జాతుల్లో ఆ చుక్క నడుమన కాకుండా మొదలు వైపుకి జరుగుతుంది, అది కూడా రాసిపెట్టుకోండి.

గింజని రంపంతో అడ్డంగా కోసి లోపల చూడండి. దాదాపు అన్ని జాతుల్లోనూ తెల్లగా, కొమ్ములా గట్టిగా, గీతల్లేకుండా ఉంటుంది. అండమాన్ దీవుల జాతి మాత్రం తేడా. పోకచెక్కని కోస్తే గోధుమరంగు చారలు లోపలికి చొచ్చుకుపోయి కనిపిస్తాయే, అలా ఉంటుంది. సాషా బారో అనే పరిశోధకురాలు 1998లో ఈ ప్రజాతినంతా మళ్లీ పరిశీలించి రాసినప్పుడు దానికి ఫీనిక్స్ అండమానెన్సిస్ అని పేరు పెట్టారు. మొత్తం జాతుల లెక్క ఆమె పరిశీలనలో 13. ఎవరి లెక్క ప్రకారం చూసినా 13, 14 దగ్గరే ఆగుతుంది. చిన్న ప్రజాతి. అంత చిన్నదానిలో ఇన్ని చిక్కులా అంటే, ఉన్నాయి.

ఇప్పటికి ఫీనిక్స్ అని తేలింది. ఇప్పుడు రెండడుగులు వెనక్కి వేసి చెట్టుని మొత్తంగా చూడండి. ఒంటరి మానా, గుబురా? మానుందా, నేలకే అంటుకుని ఉందా? పత్రకాలు ఒకే పలకలా పరుచుకున్నాయా, రకరకాల దిక్కులకి నిక్కబొడుచుకున్నాయా? ఆకు అడుగు ఏ రంగు? కాయ ఎంత?

ఈత, ఖర్జూరం తగాదా దగ్గరే ఎక్కువమంది ఇరుక్కుంటారు కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. ఈతచెట్టు, అంటే ఫీనిక్స్ సిల్వెస్ట్రిస్, ఒంటిమాను. పిలకలు వెయ్యదు. ఖర్జూరం చిన్నతనంలో మొదట్లోంచి పిలకలు వేస్తుంది. తోటమాలి వాటిని కోసేసి ఉంటే అది కూడా ఒంటిమానులాగే కనిపిస్తుంది, అందుకని మోకాళ్ల మీద కూర్చుని మొదట్లో కోసిన మచ్చలున్నాయేమో వెతకాలి. ఈత తల ఒత్తుగా, బుట్టలా ఉంటుంది. ఖర్జూరం తల పల్చగా ఉంటుంది, మట్టలు కాస్త నిటారుగా, బూడిద నీలం రంగులో ఉంటాయి. ఈతలో పత్రకాలు గుంపులు గుంపులుగా పుట్టి ఒక్కోటి ఒక్కో దిక్కు చూస్తుంటాయి. ఖర్జూరంలోనూ కొంత అలాగే ఉంటుంది కాబట్టి దీన్నే పట్టుకుని వేలాడొద్దు. కాయ ఉంటే గొడవే లేదు. ఈతకాయ రెండున్నర సెంటీమీటర్ల అటూఇటూ, పల్చటి గుజ్జు. ఖర్జూరం నాలుగు నుంచి ఏడు సెంటీమీటర్లు. పిలక మచ్చా కాయా రెండూ లేకుండా, దూరం నుంచి తీసిన ఫోటో ఒక్కటి చూపించి పేరు చెప్పమంటే నేను చెప్పను.

కేనరీ ఖర్జూరానికి పిలకలుండవు. మాను ఖర్జూరం కంటే బాగా లావు, తలలో వందకి పైగా ఆకుపచ్చ మట్టలు, మాను మీద మట్ట రాలిన మచ్చలు ఎత్తు కంటే వెడల్పు ఎక్కువగా ఉంటాయి. కాయ నారింజ రంగులో చిన్నది, గుజ్జు నామమాత్రం.

మన కొండల్లో, మైదానాల్లో కనిపించే పొట్టి ఈతలు ఇంకో తలనొప్పి. అన్నింటినీ చిట్టీత అనేస్తారు కానీ మూడు జాతులైనా ఉన్నాయి. ఫీనిక్స్ పుసిల్లా దక్షిణ భారతంలో, శ్రీలంకలో పెరుగుతుంది. పత్రకాలు బిరుసు, కొసలు సూదులు. పాత పుస్తకాల్లో ఫారినిఫెరా, జైలానికా అని కనపడే పేర్లు ఇప్పుడు దీనికిందే కలిసిపోయాయి. ఫీనిక్స్ లూరీరాయ్ భారతదేశం నుంచి చైనా, ఫిలిప్పీన్స్ దాకా పరుచుకున్నది, కొండవాలుల్లో ఎక్కువ. ఫీనిక్స్ అకాలిస్ ఉత్తర భారతం, నేపాల్ వైపుది. పేరుకి తగ్గట్టే మాను పైకి లేవదు. ఈ చివరి రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే గెల కాడ తేల్చేస్తుంది. లూరీరాయ్‌లో కాయలు పెరిగేకొద్దీ కాడ సాగి గెల బయటికి వస్తుంది. అకాలిస్‌లో కాడ సాగదు, కాయలు నేల దగ్గర మట్టల మొదళ్లలోనే దాక్కుంటాయి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. మడ అడవిలో, ఉప్పునీటి బురదలో గుబురుగా ఉండి ఆకు అడుగు బూడిద తెలుపు తిరిగితే ఫీనిక్స్ పాలుడోసా. తూర్పు హిమాలయాల్లో మెత్తటి, నిగనిగలాడే పత్రకాలు ఒకే పలకలా పరుచుకుని ఉంటే రూపికోలా. కుండీల్లో పెంచే సన్నమాను మరుగుజ్జు రోబెలెనీ, దాని సొంత చోటు లావోస్, వియత్నాం, దక్షిణ చైనా నదుల ఒడ్లు. ఆఫ్రికాలో, మడగాస్కర్‌లో గుబురుగా లేచి మానులు పక్కకి వాలేది రెక్లినాటా. క్రీట్ దీవిలో, టర్కీ నైరుతి తీరంలో ఉన్నది థియోఫ్రాస్టీ, 1967లో గ్రాయ్‌టర్ అనే వృక్షశాస్త్రవేత్త పెట్టిన పేరు. సోమాలియా, అరేబియా ఎడారి వాగుల్లోది సెస్పిటోసా. కేప్ వెర్డ్ దీవులది అట్లాంటికా.

చెట్టు ఎక్కడ నిలబడి ఉందన్నది కూడా సాక్ష్యమే. అడవిలో సొంత చోట ఉంటే ఈ వివరాలు చాలావరకు పనిచేస్తాయి. తోటలో అయితే అనుమానం పెట్టుకోవాలి. ఈ జాతులు ఒకదానితో ఒకటి సులువుగా కలిసి సంకరాలు పుడతాయి. పక్కపక్కన రెండు జాతులు నాటిన తోటలో రాలిన గింజ ఎవరి బిడ్డో తల్లికి మాత్రమే సగం తెలుసు. ఇది తోటలకే పరిమితం కాదు. ఉత్తర ఆఫ్రికా ఖర్జూరాల్లో క్రీట్ జాతి జన్యువులు కలిసి ఉన్నాయని 2019లో జన్యు పరిశోధన చూపించింది. అంతకు ముందు 2017లో, ఒమన్ కొండల్లో దొరికిన అడవి ఖర్జూరాల్ని పోల్చుకోవడానికి గింజ ఆకారం కూడా సాయపడింది. సాగుచెట్ల గింజ పొడుగ్గా సాగి ఉంటుంది, అడవివాటిది చిన్నది, గుండ్రం. గింజలు పారేయొద్దని నేను పోరేది ఇందుకే.

నమూనా దాచుకోవాలంటే, ఎండబెట్టిన మొక్కని అంటించే ఏ షీటు మీదా మట్ట మొత్తం పట్టదు. ముందు మట్ట పొడవు, ముళ్ల భాగం పొడవు, ఒకవైపు పత్రకాల సంఖ్య కొలిచి రాసుకోండి. తర్వాత మూడు ముక్కలే కోయండి: ముళ్లు పత్రకాలుగా మారే చోట ఒకటి, నడిమి నుంచి ఒకటి, కొస ఒకటి. నడిమి ముక్కలో పత్రకాల మొదళ్లని బల్లపరుపుగా నొక్కేయొద్దు, దోనె మడత చచ్చిపోతుంది. ఎండాక కనపడని సంగతులు అక్కడికక్కడే రాయాలి: ఎత్తు, పిలకలు, కాయ రంగు, మగా ఆడా, నేల తీరు. రేపు రాద్దాంలే అనుకున్నది ఎప్పుడూ రాయలేదు నేను.

పేరు రాసేటప్పుడు వెనకాల ఉండే పొట్టి అక్షరాలు అలంకారం కాదు. ఈత పూర్తి పేరు ఫీనిక్స్ సిల్వెస్ట్రిస్ (ఎల్.) రాక్స్‌బ్. కుండలీకరణంలో ఉన్న ఎల్. అంటే వృక్షశాస్త్రవేత్త లినేయస్. ఆయన 1753లో దీన్ని ఎలాటే అనే వేరే ప్రజాతిలో పెట్టాడు. దాన్ని ఫీనిక్స్‌లోకి మార్చింది రాక్స్‌బర్గ్. మొదట పేరు పెట్టినవాడు లోపల, చోటు మార్చినవాడు బయట. ఖర్జూరానికి కుండలీకరణం ఉండదు, లినేయస్ దాన్ని మొదటే ఫీనిక్స్‌లో పెట్టాడు కాబట్టి. జాతి తేలకపోతే ఫీనిక్స్ దగ్గరే ఆపి 'ఎస్పీ.' అని రాయండి. అందులో నామోషీ ఏమీ లేదు.

ఆ గేటు పక్క చెట్ల దగ్గరికి కిందటేడు మళ్లీ వెళ్లాను, ఈసారి తొడుగులు, లెన్సు, రంపం తీసుకుని. నా చీటీలో ఇలా ఉంది: 'నాలుగు చెట్లు. మొదటి మూడూ ఫీనిక్స్ కేనరియెన్సిస్, రెండు ఆడ, ఒకటి మగ. నాలుగోది లావుంది కానీ మొదట్లో రెండు పిలకలు. కాయ లేదు. ఫీనిక్స్ ఎస్పీ., సంకరం కావచ్చు, గెల వేశాక చూడాలి.'